అరిగిన కీళ్ళు, బిగువైన స్ప్రింగులు: చేతిలో బలం లేని నేను పిస్టల్ ఎంచుకున్న అనుభవం

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మావారూ నేనూ కలిసి ఒక చిన్న కన్వీనియెన్స్ స్టోర్ నడుపుతున్నాము. రాత్రి దుకాణం మూసి, ఆనాటి నగదు సంచిలో వేసుకుని కారు దాకా నడిచే పని వారంలో సగం రోజులు నా వంతుకు వస్తుంది. 2023 డిసెంబరులో మా వీధిలోనే ఇంకొక దుకాణంలో పనిచేసే ఆవిడను సరిగ్గా మూసే వేళకు తుపాకీ చూపించి దోచుకున్నారు. ఆ తరువాత కొన్ని వారాలు మా ఇంట్లో వేరే మాట లేదు. దుకాణం అమ్మేద్దామనుకున్నాము, రాత్రి వేళకు ఒక కుర్రవాణ్ణి పెట్టుకుందామనుకున్నాము, కెమెరాలు పెంచాము, బ్యాంకుకు వెళ్ళే వేళలు మార్చాము. చివరికి, మా అమ్మాయి ఎంత వద్దన్నా వినకుండా, పిస్టల్ వాడడం నేర్చుకుని దగ్గర పెట్టుకోవాలని 2024 జనవరిలో నిశ్చయించుకున్నాను. ఆ నిర్ణయం మంచిదా చెడ్డదా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు, కనుక దాన్ని ఇక్కడికి తీసుకురాను. యాభై ఎనిమిదేళ్ళ వయసులో, రుమటాయిడ్ కీళ్ళవాతం పట్టిన చేతులకు సరిపడే ఆయుధాన్ని వెదుక్కోవడంలో ఏమేమి ఎదురయ్యాయో మాత్రం జరిగిన వరుసలో చెబుతాను.

తుపాకుల దుకాణానికి వెళ్ళకముందు నేను నా చేతుల థెరపిస్టును కలిశాను. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. ఎటూ ఫిబ్రవరి మొదటి వారంలో ఆవిడ దగ్గరికి వెళ్ళవలసి ఉన్నది కనుక అడిగాను. అడగడానికి సిగ్గుపడ్డాను కూడా. ఆవిడ మాత్రం ఆశ్చర్యపోలేదు, టెక్సస్‌లో ఇలా అడిగేవాళ్ళు చాలామందే ఉంటారట. డైనమోమీటర్ అనే పరికరాన్ని నా చేత పిండించి కొలిస్తే కుడి చేతి పట్టు 29 పౌన్లు, ఎడమ చేతిది 24 పౌన్లు వచ్చింది. తరువాత ఇంకో చిన్న పరికరాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కమన్నారు. అందులో వచ్చిన అంకె చూసి ఆవిడ తల అడ్డంగా ఊపారు. నా బలహీనత అరచేతి పట్టులో ఉన్నంత కాదు, వేళ్ళతో గిల్లి పట్టుకోవడంలో ఉన్నది అని అప్పుడు తెలిసింది. ఆవకాయ సీసా మూత నేను తీయలేకపోవడానికీ, కూరగాయల సంచి మాత్రం ముంజేతికి తగిలించుకుని మోయగలగడానికీ కారణం అదే. "ఏ వస్తువు చూసినా, దానితో మీరు చేయవలసిన పనుల్లో వేళ్ళతో గిల్లి పట్టుకునేవి ఎన్ని, అరచేతితోనో భుజంతోనో కానిచ్చేవి ఎన్ని అని చూడండి. చేతులు బాగున్న మధ్యాహ్నం పూట కాదు, బిగుసుకుని ఉన్న పొద్దున పూట పరీక్షించుకోండి" అన్నారు. ఆ తరువాత మూడు నెలల్లో నాకు దొరికిన సలహాలన్నిటిలోకీ పనికొచ్చింది ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు.

మొదటి తుపాకుల దుకాణంలో ఆ మాట విలువ వెంటనే తెలిసింది. కౌంటరు వెనక ఉన్న పెద్దమనిషి నన్నూ నా వేళ్ళనూ చూసి, మరో మాట లేకుండా, అర కిలో కూడా లేని చిన్న రివాల్వరును అద్దం మీద పెట్టాడు. ఆడవాళ్ళకు ఇదే సులువు, లాగవలసిన స్లైడు లేదు, గురిపెట్టి నొక్కడమే అన్నాడు. పిస్టల్‌లో మొదటి తూటాను లోపలికి ఎక్కించడానికి వెనక్కి లాగవలసిన పై భాగాన్ని స్లైడు అంటారు. రివాల్వరుకు స్లైడు లేదన్న మాట నిజమే. అయితే ఆ రకం చిన్న రివాల్వర్లలో ట్రిగ్గర్ ఒక్క నొక్కుతోనే తూటాలు ఉండే సిలిండరును తిప్పాలి, తూటాను కొట్టే సుత్తినీ వెనక్కు లాగాలి, అందుకు దాదాపు 12 పౌన్ల బలం కావాలి. ఖాళీ రివాల్వరును కుడి చూపుడువేలితో నొక్కితే ట్రిగ్గర్ సగం దాకా వచ్చి ఆగిపోయింది. రెండు చేతుల వేళ్ళూ కలిపి నొక్కితే సుత్తి పడి టక్కుమన్నది గానీ అప్పటికి గొట్టం గోడ మీది కాలెండరు వైపు తిరిగింది. 22 క్యాలిబర్, అంటే ఇంకా సన్నని తూటా పేల్చే, రివాల్వరు తీసుకుంటే తేలికవుతుందని పక్కనున్న ఇంకో కొనుగోలుదారు సలహా ఇచ్చాడు. అదీ నొక్కి చూశాను. వాటిలో తూటా అంచును గట్టిగా కొడితేనే గాని పేలదు కనుక స్ప్రింగు ఇంకా బిగువుగా ఉంటుందట. నా వేలికి ఆ సంగతి వివరణ లేకుండానే తెలిసింది.

ఆడవాళ్ళంటే చిన్నది, తేలికైనది, రివాల్వరు అన్న లెక్క అమెరికాలోనే కాదు, మన దేశంలోనూ ఉన్నది. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం ఆడవాళ్ళ కోసమని ప్రత్యేకంగా నిర్భీక్ అనే 32 క్యాలిబర్ రివాల్వరును విడుదల చేసింది. బరువు అర కిలో, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు. అప్పట్లో ఆ వార్త చదివి నేను కూడా బాగుందనే అనుకున్నాను. బరువు తక్కువైతే సంచిలో మోయడం సులువే గానీ, పేల్చినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను మింగడానికి ఆయుధానికి ఒళ్ళు ఉండదు కనుక ఆ దెబ్బంతా బొటనవేలి మొదట్లో ఉన్న కీలుకు తగులుతుంది. నా విషయంలో సరిగ్గా ఆ కీలే అరిగిపోయి ఉన్నది.

రివాల్వరు కాదని తేలాక చిన్న పిస్టళ్ళు చూపించారు. అరచేతిలో ఇమిడిపోయే వాటిని చూసి మావారు ముచ్చటపడ్డారు. నేను స్లైడు వెనక్కి లాగబోతే సగం అంగుళం కూడా కదలలేదు. పిస్టల్ చిన్నదయ్యే కొద్దీ స్లైడు బరువు తగ్గుతుంది, ఆ తగ్గిన బరువుకు బదులుగా స్ప్రింగును బిగువు చేయవలసి వస్తుంది, పట్టుకోవడానికి దొరికే చోటు కూడా తగ్గుతుంది. 380 అనే చిన్న తూటా వాడే పాతకాలపు పిస్టళ్ళలో కొన్నిటికి గొట్టం కదలకుండా బిగించి ఉండి, వెనక్కి వచ్చే ఒత్తిడినంతా స్ప్రింగూ స్లైడు బరువే ఆపాలి. అటువంటివి అదే తూటా వాడే కొత్త రకాలకంటే చాలా బిగువు. కనుక తూటా చిన్నదైతే లాగడం సులువని లెక్క వేసుకునే వీలు లేదు. ఒక్కొక్కదాన్నీ స్వయంగా లాగి చూడవలసిందే.

మార్చి నెలంతా షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని పరీక్షించడంతో గడిచింది. ఇక్కడ మన తెలుగు కుటుంబాలకు ముఖ్యమైన సంగతి ఒకటి చెప్పాలి. మా అక్క కొడుకు హెచ్1బి వీసా మీద ఇక్కడే ఉంటున్నాడు. మొదటిసారి వాడే కారు నడుపుకుని నన్ను తీసుకువచ్చాడు, తానూ ఒకసారి పేల్చి చూస్తానని ఉబలాటపడ్డాడు. కౌంటరులో ఇచ్చిన కాగితం చదివితే, వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప, తుపాకీ గానీ తూటాలు గానీ తమ స్వాధీనంలో ఉంచుకోవడం ఫెడరల్ నేరమని ఉన్నది. అద్దెకు తీసుకుని పేల్చడానికీ అదే నియమం వర్తిస్తుందని కౌంటరులోని అమ్మాయి చెప్పింది. "పిన్నీ, గ్రీన్ కార్డు వరస ఇంకో ఇరవై ఏళ్ళుంది, ఇప్పుడెందుకొచ్చిన గొడవ" అని వాడు బయట కాఫీ తాగుతూ కూర్చున్నాడు. వాడు వారాంతాల్లో మా ఇంట్లోనే ఉంటాడు కనుక, ఆయుధాన్ని వాడికి తాళం తెలియని పెట్టెలోనే ఉంచాలన్న నియమం ఆ రోజే పెట్టుకున్నాము.

రేంజిలో శిక్షణ ఇచ్చిన ఆవిడ అరవై దాటిన మనిషి, ఆవిడకూ వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. స్లైడును బొటనవేలితోనూ చూపుడువేలితోనూ పట్టుకుని వెనక్కి లాగే పద్ధతి, సినిమాల్లో కనిపించేది, నావంటివాళ్ళు మరిచిపోవాలన్నారు. పిస్టలును రొమ్ముకు దగ్గరగా, గొట్టం ఎదుటి లక్ష్యం వైపే ఉండేలా పట్టుకోవాలి; ఎడమ అరచేతిని స్లైడు మీదుగా వేసి నాలుగు వేళ్ళనూ అవతలి అంచుకు ఆనించాలి; ఆపైన ఎడమ చేతిని కదల్చకుండా కుడి భుజంతో పిస్టలు కింది భాగాన్ని ముందుకు తోయాలి. తోసే బలం భుజం నుంచీ వీపు నుంచీ వస్తుంది, వేళ్ళు ఊరికే అడ్డం ఉంటాయి. తెల్లవారి పచ్చడి బండ తిప్పలేని చేతులతో నేను అప్పటిదాకా కదలని స్లైడును పూర్తిగా తెరవగలిగినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూనే ఒక కాగితపు రుమాలు ఇచ్చారావిడ.

పద్ధతి మారితే కొన్ని వాటంతట అవే లొంగాయి, కొన్ని లొంగలేదు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 2018లో తెచ్చిన 380 షీల్డ్ ఈజెడ్ అన్నిటికంటే తేలికగా తెరుచుకున్నది. అందులో లోపల సుత్తి ఉన్నది, స్ప్రింగు మెత్తన, స్లైడు వెనక భాగంలో వేళ్ళు జారకుండా గాడులు ఉన్నాయి. దాని అన్న వంటిది, ఇంకా బలమైన 9 ఎం.ఎం. తూటా వాడే ఈజెడ్, కొంచెం బరువు, కొంచెం బిగువు. రూగర్ సెక్యూరిటీ 380 కూడా ఇదే దారిలో చేసినది; పట్టు పొడుగు, 10 తూటాల మ్యాగజీన్ (తూటాలు నింపి పిడిలో దూర్చే డబ్బా), ధర కూడా తక్కువ. వాల్తర్ పిడిపి లో ఎఫ్ అనే రకం చిన్న చేతుల కోసం ట్రిగ్గర్ దూరం తగ్గించి, స్లైడు తేలిక చేసి రూపొందించినది. పేల్చడానికి నాకు అన్నిటికంటే హాయిగా అనిపించింది, కానీ కుర్తీ కింద దాచడానికి పెద్దది, ధర కూడా దాదాపు ఇంకొకటి కొనగలిగినంత ఎక్కువ. బెరెట్టా వాళ్ళ టామ్‌క్యాట్ అనే 32 పిస్టలుకు స్లైడు లాగనక్కరలేదు: పక్కన మీట నొక్కితే గొట్టం వెనక కొస పైకి లేస్తుంది, తూటాను నేరుగా అందులో పెట్టి మూసేయవచ్చు. ఆ యుక్తి నాకు బాగా నచ్చింది. అయితే మొదటి తూటాకు ట్రిగ్గర్ పొడుగ్గా, బరువుగా ఉన్నది, నా వేలు వణికింది. చేతిలో బలం మరీ లేనివాళ్ళు దాన్ని తప్పకుండా ఒకసారి చూడాలని మాత్రం చెబుతాను.

థెరపిస్టు చెప్పినట్టు రేంజి తలుపులు తీసే వేళకు, చలిగా ఉన్న పొద్దున, వేళ్ళు ఇంకా సాగకముందే వెళ్ళి చూస్తే జాబితా తలకిందులైంది. మధ్యాహ్నం సులువుగా తెరిచిన 9 ఎం.ఎం. ఈజెడ్ పొద్దున పూట నా వల్ల కాలేదు. రూగర్‌ది తెరవగలిగాను గానీ తెరిచిన స్లైడును వెనక నిలిపి ఉంచే మీటను బొటనవేలు పైకి నెట్టలేకపోయింది. 380 ఈజెడ్ ఒక్కదానితోనే అన్ని పనులూ, అవస్థపడుతూనే అయినా, పూర్తి చేయగలిగాను. అన్ని పనులూ అనడంలో నా ఉద్దేశం పేల్చడం ఒక్కటే కాదు: మ్యాగజీనులో తూటాలు నింపడం, దాన్ని లోపలికి కొట్టడం, స్లైడు తెరవడం, తెరిచి నిలపడం, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేయడం తీయడం, మ్యాగజీను వదిలే మీట నొక్కడం, ఇంటికి వచ్చాక విడదీసి తుడవడం. గ్లాక్ పిస్టళ్ళు విడదీయాలంటే రెండు వైపులా ఉన్న చిన్న ముక్కలను వేళ్ళతో గిల్లి కిందికి లాగాలి, అది నాకు జరగని పని. ఈజెడ్‌కు స్లైడు తెరిచి నిలిపి పక్కనున్న మీట కిందికి తిప్పితే చాలు.

దానిలో ఒక మెలిక ఉన్నది. పట్టు వెనక వైపు ఒక నొక్కుడు సేఫ్టీ ఉంటుంది, అరచేయి దాన్ని పూర్తిగా నొక్కితేనే పిస్టలు పేలుతుంది. నేను బొటనవేలికి గట్టి ప్లాస్టిక్ స్ప్లింట్ (కీలు కదలకుండా ఉంచే కట్టు) వేసుకుని పట్టుకుంటే ఆ స్ప్లింట్ అంచు అడ్డుపడి సేఫ్టీ కొన్నిసార్లు పూర్తిగా నొక్కుకోలేదు, ట్రిగ్గర్ ఊరికే వచ్చేసింది. స్ప్లింట్ తీసేసి నియోప్రీన్ పట్టీ చుట్టుకుంటే ఆ ఇబ్బంది పోయింది. మణికట్టు మెత్తగా వదిలేస్తే పేలిన తరువాత ఖాళీ తొడుగు బయటికి రాకుండా మధ్యలో ఇరుక్కుపోయే సమస్య మరొకటి. స్లైడు పూర్తిగా వెనక్కి వెళ్ళాలంటే పట్టుకున్న చేయి స్థిరంగా నిలవాలి. అలసిపోయాక నాకు అది తరచుగా జరిగింది. అందువల్ల ఒక విడతకు 30 తూటాలకు మించి పేల్చకూడదని శిక్షకురాలు హద్దు పెట్టారు. నా కీళ్ళవాతపు మందు మెథోట్రెక్సేట్ వేసుకున్న మరునాడు అసలు రావద్దన్నారు.

ఏప్రిల్ రెండో వారంలో కొనడానికి వెళ్ళాము. పుట్టినరోజు దగ్గరికి వచ్చింది కదా, నేను కొని ఇస్తానని మావారు ముందుకు వచ్చారు. కౌంటరులోని మనిషి ఆపి, మీ డబ్బుతో బహుమతిగా ఇస్తున్నారా, లేక ఆవిడ డబ్బుతో ఆవిడ తరఫున కొంటున్నారా అని అడిగాడు. బహుమతి అయితే చట్టానికి అభ్యంతరం లేదు, రెండోది అయితే నేరం. 4473 అనే ఆ ఫారంలో అసలు కొనుగోలుదారు మీరేనా అన్న ప్రశ్న అందుకే ఉన్నది. అనుమానానికి తావు లేకుండా నా పేరు మీద నేనే కొన్నాను. పుట్టిన దేశం, పౌరసత్వం, ఎత్తు, బరువు, జాతి అన్నీ రాయాలి. డ్రైవింగ్ లైసెన్సు మీద, లేదా దానితో పాటు చూపించే ఇంకో ప్రభుత్వ పత్రం మీద, చిరునామా ఇప్పటి ఇంటిదే అయి ఉండాలి. ఇల్లు మారినవాళ్ళు ముందుగా దాన్ని సరిచేసుకుంటే మంచిది. మత్తుమందుల ప్రశ్న దగ్గర నా కలం ఆగింది, ఎందుకంటే నొప్పి ఎక్కువైన రోజుల్లో డాక్టరు రాసిచ్చిన ట్రమడాల్ అనే మత్తు కలిగించే నొప్పిమాత వేసుకుంటాను. ప్రశ్న చట్టవిరుద్ధంగా వాడేవాళ్ళ గురించి. డాక్టరు చీటీ ప్రకారం వేసుకునేది అందులోకి రాదు. గంజాయి మాత్రం రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధమేనని అక్కడే అచ్చువేసి ఉన్నది. కీళ్ళనొప్పికి ఆ నూనెలూ గోళీలూ వాడేవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలో ఉన్నారు కనుక చెబుతున్నాను. ట్రమడాల్ వేసుకున్న రోజు పిస్టల్ పెట్టెలోనే ఉండాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం.

ఎఫ్.బి.ఐ. వాళ్ళ తనిఖీ పది నిమిషాల్లో అయిపోతుందని అందరూ చెప్పారు. నాకు "డిలేడ్" అని వచ్చింది. కారణం చెప్పరు. అద్దం మీద పిస్టలు, దానికి కట్టిన చీటీ మీద నా పేరు, చుట్టూ ఉన్నవాళ్ళ చూపులు. ఏ తప్పూ చేయకపోయినా ముఖం వేడెక్కింది. మూడు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇవ్వడానికి చట్టం దుకాణదారుకు అనుమతి ఇస్తుంది గానీ, చాలా దుకాణాలు జవాబు వచ్చేదాకా ఆగుతాయి, ఆ దుకాణం కూడా అంతే. శుక్రవారం వెళ్ళినదానికి మంగళవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. పిస్టలు ధర 399 డాలర్లు, పైన 8.25 శాతం పన్ను.

ఖర్చు అక్కడితో ఆగదు. అప్పట్లో 380 సాధన తూటాలు 50 ఉన్న పెట్టె 20 డాలర్ల పైమాట, 9 ఎం.ఎం. కంటే ఎక్కువే. రక్షణ కోసం పెట్టుకునే, మొన విచ్చుకునే తూటాలు 25కే దాదాపు అంత. ఈజెడ్ మ్యాగజీనులో పక్కన ఉన్న బొడిపెను కిందికి లాగితే స్ప్రింగు దిగి తూటాలు జారతాయి. 8 తూటాలలో ఆరు నేను నింపగలను, చివరి రెండూ మావారు నింపుతారు. అద్దె, తూటాలు, శిక్షకురాలి రుసుము కలిపి పిస్టలు ధర కంటే నేర్చుకోవడానికే ఎక్కువ అయింది.

టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, అర్హత ఉన్న ఇరవయ్యొకటి నిండినవాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ దగ్గర పెట్టుకోవచ్చు. అయినా నేను లైసెన్సు తీసుకున్నాను. మా దుకాణం వెనక వీధిలో ప్రాథమిక పాఠశాల ఉన్నది. పాఠశాలకు వెయ్యి అడుగుల లోపల, ప్రైవేటు స్థలంలో తప్ప, తుపాకీ ఉండకూడదన్న ఫెడరల్ చట్టం రాష్ట్ర లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఇస్తుంది, లేనివాళ్ళకు ఇవ్వదు. మే నెలలో ఒక శనివారం తరగతి. ఎప్పుడు వాడవచ్చో, ఎప్పుడు వాడకూడదో, తగవును మాటలతో ఎలా దింపాలో, పిల్లలకు అందకుండా ఎలా దాచాలో చెప్పారు. పదిహేడేళ్ళ లోపు పిల్లల చేతికి నిర్లక్ష్యం వల్ల నిండు తుపాకీ అందితే అది మన నేరం. మనవడు సెలవులకు వచ్చే ఇల్లు మాది.

గురి పరీక్షలో 50 తూటాలు: 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10. 250కి 175 వస్తే చాలు. గురికంటే నాకు 50 అన్న సంఖ్య మీదే భయం. సాధనలో 30 దాటితే చేయి పడిపోతున్నదని ముందే చెప్పి, పరీక్షను మధ్యాహ్నం పెట్టించుకుని, విడతల మధ్య కూర్చోవడానికి అనుమతి అడిగాను. మ్యాగజీన్లు ఇంటి నుంచే నింపి తీసుకువెళ్ళాను. ఆఖరి పది తూటాల దగ్గర బొటనవేలు మంట పుట్టి రెండు చుట్టు గీత బయటికి పోయాయి. మార్కులు 221. ఆ రాత్రి చేతులు వేడి మైనంలో ముంచుకుని కూర్చుంటే మా అమ్మాయి ఫోను చేసి, అభినందించాలో తిట్టాలో తెలియక, "అమ్మా, అన్నం తిన్నావా" అని అడిగింది.

దరఖాస్తు రుసుము 40 డాలర్లు, వేలిముద్రలకు విడిగా మరో పది. వేలిముద్రల దగ్గర ఇంకో చిక్కు: వేళ్ళు తిన్నగా సాగవు కనుక యంత్రం అద్దం మీద అంచులు ఆనలేదు. అక్కడి కుర్రవాడు ఓపికగా ఒక్కొక్క వేలినీ పట్టి తిప్పాడు. మే 21న అన్నీ పంపితే జూన్ 27న లైసెన్సు తపాలాలో వచ్చింది. ఆ నెల రోజులూ పెట్టెలో ఉన్న పిస్టలును బయటికి తీయలేదు.

దాచి ధరించడం ఇంకో చదువు. చేతి సంచి వద్దని శిక్షకురాలు గట్టిగా చెప్పారు: దొంగ మొదట లాక్కునేది సంచినే. పైగా దాని జిప్పు లాగడం మళ్ళీ వేళ్ళ పనే. నడుముకు చుట్టుకునే సాగే పట్టీ తెప్పిస్తే, దాని వెల్క్రో విప్పడానికి నాకు మావారి సాయం కావలసి వచ్చింది. చివరికి దుకాణానికి వెళ్ళేటప్పుడు ప్యాంటు, లోపలి పళ్ళ వరుస మీద కొద్దికొద్దిగా బిగుసుకునే బెల్టు, కుడి తుంటి మీద గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ (పిస్టలు పెట్టుకునే ఒర), పైన వదులు కుర్తీ అని స్థిరపడ్డాను. కుర్తీకి పక్కన ఉండే చీలిక ఇంత పనికొస్తుందని ఎన్నడూ అనుకోలేదు. అమెరికన్ ఆడవాళ్ళు చొక్కా మొత్తం పైకి ఎత్తవలసిన చోట నాకు చేయి నేరుగా వెళ్ళిపోతుంది. కొత్త హోల్‌స్టర్ నుంచి పిస్టలు ఊడి రావడానికి నా చేతి బలం చాలలేదు. దానికి రెండు మరలు ఉంటాయి, కొద్దిగా వదులు చేస్తే వచ్చింది, బోర్లించి ఊపినా పడిపోకుండా చూసుకుని ఆపాను. చీర కట్టిన రోజు, గుడికి వెళ్ళే రోజు ఇంట్లోనే వదిలేస్తాను. మా గుడి తలుపు మీద 30.06 అని బోర్డు ఉన్నది, అంటే లైసెన్సు ఉన్నా దాచి తీసుకురాకూడదని. ఇటువంటి బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూసే అలవాటు ఇప్పుడు పట్టుకున్నది.

రోజూ రాత్రి తూటాలు తీసి పొద్దున మళ్ళీ పెట్టడం అనవసరం. అలా చేస్తే స్లైడు రోజూ లాగాలి, అవస్థపడే చేతులతో ఎన్నిసార్లు ముట్టుకుంటే అంత ప్రమాదం. హోల్‌స్టర్‌తో సహా తీసి పెట్టెలో పెట్టేస్తాను. వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కొనబోయి దుకాణంలోనే వాపు ఉన్న వేలితో పరీక్షించాను, అది నన్ను గుర్తుపట్టలేదు. మీటలు నొక్కితే తెరుచుకునేది తీసుకున్నాను. వాటిలోనూ కొన్నిటి మీటలు గట్టిగా ఉంటాయి, నొక్కి చూసుకుని కొనాలి.

మొన్న సెప్టెంబరులో థెరపిస్టు మళ్ళీ కొలిస్తే కుడి చేయి 27 వచ్చింది. లైసెన్సు నాలుగేళ్ళ పైనే ఉంటుంది, చేతులు అంతకాలం ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. అందుకని ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున, మందులు వేసుకోకముందు, ఖాళీ పిస్టలుతో అన్ని పనులూ వరుసగా చేసి చూస్తాను. మావారు ఎదురుగా నిలబడి చూస్తారు. ఏ ఒక్కటి వరుసగా రెండు నెలలు చేయలేకపోయినా ఆ పిస్టలు ఆయనకు అప్పగించి, రాత్రి దుకాణం మూసే పనికి కుర్రవాణ్ణి పెట్టుకోవాలని మా ఇద్దరి మధ్య ఒప్పందం. ఆ కుర్రవాడి జీతం ఎంత అవుతుందో ఇప్పటికే లెక్క వేసి ఉంచాము.